దూరం పెరిగేకొద్దీ ఆడవాళ్లు మగవాళ్లను దాటేస్తారా?

కీసర_రన్నర్:

అందరికీ నమస్కారం. మా రన్నింగ్ గ్రూపులో వారం రోజులుగా ఒకటే వాదన. ఎవరో వాట్సాప్‌లో ఒక చార్ట్ పెట్టారు. 5కే పరుగులో మగవాళ్లు ఆడవాళ్లకంటే దాదాపు 18 శాతం వేగంగా ఉంటారట, మారథాన్‌కి వచ్చేసరికి ఆ తేడా 11 శాతానికి తగ్గుతుందట, 100 మైళ్ల దగ్గర పావు శాతమే మిగులుతుందట, ఇక 195 మైళ్లు, అంటే 314 కిలోమీటర్ల దాకా వెళ్తే లెక్క తిరగబడి ఆడవాళ్లే 0.6 శాతం ముందుంటారట. గ్రూపులో సగం మంది "చూశారా, ఓర్పు అంటే ఆడవాళ్లదే" అంటున్నారు, మిగతా సగం మంది అదంతా ఉత్త ఫార్వర్డ్ అని కొట్టిపారేస్తున్నారు. ఎవరి దగ్గరా సరైన కారణం లేదు.

నాకిది ఊరికే వాదించుకోవడానికి కాదు. హాఫ్ మారథాన్లు, రెండు ఫుల్స్ చేశాక ఇప్పుడు మొదటిసారి 12 గంటల స్టేడియం రన్‌కి పేరిచ్చాను. కోచ్ గారు మగవాళ్లకి ఇచ్చిన ప్లానే నాకూ ఇచ్చారు, పేస్ మాత్రం కాస్త తగ్గించారు. నిజంగా మన శరీరం ఎక్కువ దూరాల్లో వేరుగా పనిచేస్తే ప్లాన్ కూడా వేరుగా ఉండాలి కదా? చార్ట్ నిజమా కాదా, నిజమైతే ఎందుకు, పరుగులోనేనా లేక ఈత, సైక్లింగ్‌లో కూడా ఇలాగే ఉంటుందా, తెలిసినవాళ్లు చెప్పండి.


ఫిజియో_హన్మకొండ:

కీసర గారూ, చార్ట్‌లోని అంకెలు ఎవరో అల్లినవి కావు. 2020లో రన్‌రిపీట్ అనే సైటు, అంతర్జాతీయ అల్ట్రా (మారథాన్ కంటే ఎక్కువ దూరం పరుగు) రన్నర్ల సంఘం కలిసి తీసిన రిపోర్టులోవి. అయితే అవి పూర్తి చేసినవాళ్లందరి సగటు పేస్ మీద కట్టిన లెక్కలు. ఏ దూరంలో ఎవరెవరి సగటు తీస్తున్నామో చూడకుండా ఆ అంకెల్ని శరీరానికి అంటగడితే తప్పుడు జవాబు వస్తుంది.

5కేకి ఎవరైనా వస్తారు. ఆఫీసు టీషర్టు వేసుకుని మొదటిసారి వచ్చేవాళ్లు, సగం నడిచేవాళ్లు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు, అందరూ. 300 కిలోమీటర్ల రేస్‌కి అలా ఎవరూ రారు. అదే రిపోర్టు ప్రకారం అల్ట్రాల్లో ఆడవాళ్లు 23 శాతమే. ఇల్లు, ఉద్యోగం, పిల్లలు, రాత్రిపూట ఒంటరిగా ప్రాక్టీస్ చేయడంలో ఉండే భయం, ఇన్ని దాటుకుని అంత దూరం స్టార్ట్ లైన్‌కి చేరిన ఆడమనిషి గట్టిగా సిద్ధమై వచ్చే అవకాశమే ఎక్కువ. మగవాళ్లలో అలాంటివాళ్లతో పాటు "పేరిచ్చి చూద్దాం" అనే రకం కూడా చాలామంది ఉంటారు, వాళ్లు మగవాళ్ల సగటుని కిందికి లాగుతారు. అంటే దూరం పెరిగేకొద్దీ మారుతున్నది శరీరాల మధ్య తేడా ఒక్కటే కాదు, పోల్చుతున్న మనుషులే మారిపోతున్నారు.

అందుకని అందరికంటే ముందున్నవాళ్లని ముందున్నవాళ్లతో పోల్చి చూడండి. మారథాన్‌లో 2023లో కెల్విన్ కిప్టమ్ చికాగోలో 2:00:35 పరిగెత్తాడు, అదే ఏడాది టిగిస్ట్ అసెఫా బెర్లిన్‌లో 2:11:53 చేసింది. తేడా 9.4 శాతం. (2024లో చికాగోలోనే ఆడవాళ్లలో 2:09:56 వచ్చింది కానీ ఆ రన్నర్ మీద తర్వాత డోపింగ్ నిషేధం పడింది కాబట్టి నేను దాన్ని తీసుకోవడం లేదు.) ఇప్పుడు 24 గంటల పరుగుకి రండి. 2022లో అలెగ్జాండర్ సొరోకిన్ వెరోనాలో 319.614 కిలోమీటర్లు చేశాడు. 2023లో తైపేలో మిహో నకతా 270.363 కిలోమీటర్లు చేసింది. తేడా 15 శాతం పైనే. చార్ట్ చెప్పేదే నిజమైతే ఇక్కడికి వచ్చేసరికి తేడా మాయమైపోవాలి కదా, పెరిగింది. ఇక్కడా పాల్గొనేవాళ్ల సంఖ్య ప్రభావం ఉంది, ఆడవాళ్లు తక్కువమంది కాబట్టి వాళ్ల రికార్డు ఇంకా మెరుగుపడే చోటు ఎక్కువ. అయినా సరే, దూరం ఒక్కటే తేడాని చెరిపేస్తుందని మాత్రం దీన్నిబట్టి ఎవరూ అనలేరు.

కారణాల్లోకి వెళ్తే, పదీ పదకొండేళ్లు వచ్చేదాకా ఆడపిల్లల పరుగుకీ మగపిల్లల పరుగుకీ పెద్ద తేడా ఉండదు. ఈడు వచ్చాక టెస్టోస్టెరాన్ వల్ల మగవాళ్లలో గుండె పెద్దదవుతుంది, కండ పెరుగుతుంది, రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ సగటున 12 శాతం దాకా తక్కువ. ఆక్సిజన్ మోసేది అదే కాబట్టి వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు నిమిషానికి వాడుకోగలిగే గరిష్ఠ ఆక్సిజన్) అనే పై గీత అక్కడే కిందికి దిగుతుంది. దానికి తోడు ఆడవాళ్ల శరీరానికి కొంత కొవ్వు తప్పనిసరి. అది హార్మోన్లకీ, గర్భధారణకీ కావాలి. పరుగులో మాత్రం ప్రతి అడుగుకీ దాన్ని మోసుకెళ్లాలి. ఎంత ట్రైనింగ్ చేసినా ఈ తేడాలు పూర్తిగా పోవు, ఒలింపిక్ స్థాయిలో కూడా ఉంటాయి.

ఇక రెండోవైపు, ఆడవాళ్లకి అనుకూలమైనవీ ఉన్నాయి, అవి కూడా కొలిచి తేల్చినవే. కండల్లో నిదానంగా అలిసే తంతువుల భాగం సగటున ఎక్కువ. ఒకే తీవ్రత దగ్గర కొవ్వుని ఎక్కువగా, గ్లైకోజెన్‌ని (కండల్లో నిల్వ ఉండే పిండిపదార్థాన్ని) తక్కువగా వాడతారు. ఒకే పనిని పదేపదే చేసినప్పుడు కండ నీరసపడే వేగం తక్కువ. మారథాన్ ఫలితాలు తీసి చూస్తే రెండో సగంలో మగవాళ్లు పడిపోయినంతగా ఆడవాళ్లు పడిపోరు. వేలమంది ఫలితాల్లో ఇది మళ్లీ మళ్లీ కనబడింది. దీనికి ఇంధనం ఒక కారణమైతే, మొదట్లో అత్యాశకి పోకుండా పరిగెత్తడం ఇంకో కారణం.

ఈ రెండోవైపు లక్షణాలు చివర్లో పడిపోకుండా కాపాడతాయి కానీ పై గీతని పైకి జరపవు. పరుగు వరకు నా జవాబు ఇది.

1992లో నేచర్ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలు రికార్డుల గీతలు గీసి, అదే వేగంతో వెళ్తే 1998కల్లా మారథాన్‌లో ఆడవాళ్లు మగవాళ్లని అందుకుంటారని రాశారు. అలా జరగలేదు. గీత అంత నిటారుగా ఉండటానికి కారణం శరీరం కాదు, అప్పటిదాకా ఆడవాళ్లని రేసులోకే రానివ్వకపోవడం.


ట్రాక్‌సైడ్_పెద్దాయన:

ఫిజియో గారు ఆఖర్న ఒక్క ముక్కలో చెప్పి వదిలేసినదాన్ని నేను కొంచెం విడమరుస్తాను, ఎందుకంటే మీ గ్రూపులో "తేడా ప్రకృతి సహజం" అని తేల్చేసేవాళ్లు దీన్ని చూడరు.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మొదటిసారి 800 మీటర్లు పెట్టారు. లీనా రాడ్కే ప్రపంచ రికార్డుతో గెలిచింది. రేస్ అయ్యాక కొందరు అలిసి నేలమీద పడ్డారని పత్రికలు గగ్గోలు పెట్టాయి, జరిగినదానికి చాలా కలిపి రాశాయి కూడా. 800 మీటర్లు పరిగెత్తాక మగవాళ్లు మాత్రం పడరా? ఆ ఒక్క సాకుతో 1960 రోమ్ దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 200 మీటర్లు దాటిన పరుగే లేకుండా చేశారు. 1966లో బాబీ గిబ్ బోస్టన్ మారథాన్‌కి అప్లికేషన్ పెడితే ఆడవాళ్లకి అంత దూరం చేతకాదని తిప్పి పంపారు. ఆమె పొదల్లో దాక్కుని, రేస్ మొదలయ్యాక గుంపులో కలిసిపోయి పూర్తి చేసింది. మరుసటి ఏడాది కేథరిన్ స్విట్జర్ నంబర్ వేసుకుని పరిగెడుతుంటే నిర్వాహకుల్లో ఒకాయన రోడ్డు మీదే పట్టుకుని లాగబోయాడు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ వచ్చింది 1984లో, లాస్ ఏంజెలెస్‌లో. జోన్ బెనోయిట్ 2:24:52లో గెలిచింది. మగవాళ్లది 1896 నుంచీ ఉంది. ఎనభై ఎనిమిదేళ్ల తేడా!

ఈత కూడా అంతే, 1500 మీటర్ల ఫ్రీస్టయిల్ ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో వచ్చింది 2021లో జరిగిన టోక్యోలోనే. అంతకుముందు వాళ్లకి 800తో సరిపెట్టారు.

కాబట్టి శరీరం వల్ల వచ్చే తేడా 10 శాతం ఉందంటే ఒప్పుకుంటాను. అయితే ఒక్కో ఆటలో మనకి కనబడే తేడా ఎంత, అందులో శరీరం వాటా ఎంత, తలుపులు మూసిన వాటా ఎంత అని అడగాలి. మన ఊళ్లలో ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికి మగ రన్నర్ ఒక్కడే రోడ్డెక్కుతాడు, ఆడ రన్నర్‌కి ఇంకో ఇద్దరు తోడు దొరికితే తప్ప కుదరదు. లాంగ్ రన్‌లు తప్పిపోయేది అక్కడే.


భీమిలి_అలలు:

పరుగు గురించి ఫిజియో గారు చెప్పినదంతా నిజమే కానీ ఆ లెక్క నీళ్లలోకి దిగితే మారుతుంది. సముద్రంలో ఈదేదాన్ని కాబట్టి ఈ భాగం నేను రాస్తాను.

ముందు స్విమ్మింగ్ పూల్ చూడండి. 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో పాన్ జాన్‌లె 46.40 సెకన్లు (2024), సారా షోస్ట్రోమ్ 51.71 (2017). తేడా 11 శాతం పైన. 1500 మీటర్లకి వెళ్తే బాబీ ఫింక్ 14:30.67 (2024), కేటీ లెడెకీ 15:20.48 (2018). తేడా 6 శాతం లోపు. ఇవి సగటులు కావు, ప్రపంచంలో అందరికంటే వేగంగా ఈదినవాళ్ల టైములు.

నీళ్లలో బరువు మోయనక్కర్లేదు కదా, అదీ కారణం. నేలమీద భారమైన కొవ్వు నీళ్లలో తేలుస్తుంది. మగవాళ్లకి కాళ్లు కిందికి దిగిపోతుంటాయి, వాటిని పైన ఉంచడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. ఆడవాళ్ల కాళ్లు, తుంటి భాగం నీటి పైకి ఉంటాయి కాబట్టి శరీరం అడ్డంగా చదునుగా సాగిపోతుంది, నీటి నిరోధం తగ్గుతుంది, ఒక్కో మీటరుకీ పడే ఖర్చు తగ్గుతుంది. 100 మీటర్లలో కండబలం దాన్ని మింగేస్తుంది. దూరం పెరిగితే ఖర్చు తక్కువైనవాళ్లకి లాభం. చల్లటి నీళ్లలో ఇంకో మేలు కూడా ఉంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉండే ఇంగ్లిష్ చానెల్లో వెట్‌సూట్ లేకుండా, 15 నుంచి 18 డిగ్రీల నీళ్లలో గంటల తరబడి ఉండాలి. అక్కడ చర్మం కింద కొవ్వు పొర కాపాడుతుంది. (మరీ చిన్న శరీరమైతే వేడి తొందరగా పోతుంది, కాబట్టి ఆడవాళ్లందరికీ ఇది వరమని కాదు.)

చానెల్ చరిత్ర చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1926లో ఇరవై ఏళ్ల గెర్ట్రూడ్ ఎడెర్లీ దాన్ని దాటేనాటికి ఐదుగురు మగవాళ్లే దాటి ఉన్నారు. వాళ్లలో అందరికంటే వేగం 16 గంటల 33 నిమిషాలు. ఆమె పద్నాలుగున్నర గంటలకి అటూ ఇటూగా ముగించింది, రెండు గంటలు తగ్గించేసింది. 1978లో పెన్నీ డీన్ 7 గంటల 40 నిమిషాల్లో ఈది, ఆడా మగా అందరిలోనూ రికార్డు కొట్టింది. 1994 దాకా ఒక్క మగవాడు కూడా దాన్ని చెరపలేదు. పదహారేళ్లు! 2019లో సారా థామస్ ఆగకుండా వరసగా నాలుగుసార్లు చానెల్ దాటింది, 54 గంటలు పైగా. అంతకు ఏడాది ముందే రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసింది ఆమెకి. అప్పటిదాకా నాలుగుసార్లు ఆడా మగా ఎవరూ చేయలేదు.

మనదేశం నుంచి ఆరతీ సాహా 1959లోనే చానెల్ దాటింది, ఆసియా ఆడవాళ్లలో ఆమే మొదటిది. మన తెలుగువాళ్లలో గోలి శ్యామల గారు 2021లో మన దేశానికీ శ్రీలంకకీ మధ్య ఉన్న పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు, అప్పటికి వయసు నలభై అయిదు దాటింది. ఆ వయసులో గంటకి గంట అదే స్ట్రోక్ పట్టుకుని ఉండటం, మధ్యలో బోటు పక్కకి వచ్చి నీళ్లలో తేలుతూనే ఫీడ్ తీసుకోవడం, జెల్లీఫిష్ కాట్లు, ఇవన్నీ చూసినవాళ్లకి అర్థమవుతుంది అదెంత పనో.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఈరోజు చానెల్లో అత్యంత వేగం మగవాడిదే, 2023లో 6 గంటల 45 నిమిషాలు. ఆడవాళ్లలో 2006లో వచ్చిన 7 గంటల 25 నిమిషాలు ఉంది. మళ్లీ పది శాతం దగ్గరే. టోక్యో ఒలింపిక్స్ 10 కిలోమీటర్ల ఈతలో కూడా గెలిచిన మగవాడికి 1:48:33, గెలిచిన ఆడమనిషికి 1:59:30, అదీ పది శాతమే. కాకపోతే అక్కడ గుంపుగా ఈదుతూ ఒకరి వెనక ఒకరు దాగి చివర్లో దూకుతారు, అది పూర్తి సత్తా చూపించే టైము కాదు. ఈతలో ఆడవాళ్లు మగవాళ్లకి చాలా దగ్గరగా వస్తారు, కొన్నిసార్లు దాటేస్తారు కూడా. ఎప్పుడూ దాటేస్తారని మాత్రం నేను అనను.


ఘట్‌కేసర్_5ఏఎం:

మరి బ్రిటిష్ అల్ట్రా రన్నర్ జాస్మిన్ పారిస్ సంగతేంటి? అది పరుగే కదా, ఈత కాదు. మగవాళ్లందరినీ ఓడించింది. ఫిజియో గారి లెక్కలో ఆమె ఎక్కడ సరిపోతుంది?


డల్లాస్_ట్రైల్స్:

దీనికి నేను జవాబిస్తాను, ఇక్కడ రెండు 100 మైళ్ల రేసులు పూర్తి చేశాను కాబట్టి రాత్రి రెండో సగంలో ఏం జరుగుతుందో కొంత తెలుసు.

జాస్మిన్ పారిస్ 2019 జనవరిలో ఇంగ్లండ్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాకా పెనైన్ వే అనే కొండల నడక దారి మీద 268 మైళ్ల స్పైన్ రేస్ గెలిచింది. ఆడవాళ్లలో కాదు, మొత్తం రేస్. 83 గంటల 12 నిమిషాలు, పాత రికార్డుని ఏకంగా 12 గంటలు తగ్గించింది. ఇంట్లో ఏడాది దాటిన పాప, చెక్‌పాయింట్ల దగ్గర ఆగి పాలు పిండుకుంటూ వెళ్లింది. చలికాలం, రోజులో ఎక్కువ భాగం చీకటే, దారి తనే వెతుక్కోవాలి, సామాన్లు తనే మోసుకోవాలి.

ఇలాంటి రేసులో వీఓటూ మ్యాక్స్ పై గీత దాకా ఎవరూ వెళ్లరు. అందరూ దానికి చాలా కింద నడుస్తూ పరిగెడుతూ ఉంటారు. అక్కడ గెలుపుని తేల్చేవి వేరు: ఎంత తక్కువ నిద్రతో తల పనిచేస్తుంది, కడుపు తిండిని పట్టుకుంటుందా లేక వాంతులవుతాయా, పాదాలు బొబ్బలెక్కకుండా ఉన్నాయా, మొదటి రోజు ఎంత ఓపికగా వెనక ఉండగలిగావు, దారి తప్పావా. వీటిలో మగవాళ్లకి పుట్టుకతో వచ్చే లాభం ఏమీ లేదు. ఓపికగా మొదలుపెట్టే విషయంలో ఆడవాళ్లకే కాస్త ఎక్కువ. కోర్ట్నీ డావాల్టర్ 2017లో మోయాబ్ 240 మైళ్ల రేస్‌ని రెండో స్థానంలో వచ్చిన మగవాడికంటే 10 గంటల ముందు ముగించింది. డెత్ వ్యాలీ ఎండలో జరిగే బ్యాడ్‌వాటర్‌ని పామ్ రీడ్ 2002, 2003 రెండేళ్లూ మొత్తంగా గెలిచింది.

అయితే అదే డావాల్టర్‌ని 2023లో యూటీఎంబీలో (ఆల్ప్స్ కొండల్లో మాంట్ బ్లాంక్ చుట్టూ జరిగే 100 మైళ్ల రేస్) చూడండి. ఆమె ఆ ఏడాది అమెరికాలోని 100 మైళ్ల రేసులు వెస్టర్న్ స్టేట్స్, హార్డ్‌రాక్, వాటితో పాటు యూటీఎంబీ, మూడూ ఆడవాళ్లలో గెలిచింది, అంతకుముందు ఒకే వేసవిలో మూడూ గెలిచినవాళ్లు లేరు. యూటీఎంబీలో ఆమె టైము 23 గంటల 29 నిమిషాలు, మగవాళ్లలో జిమ్ వామ్స్‌లీ 19 గంటల 37 నిమిషాలు. దాదాపు నాలుగు గంటలు. ప్రపంచంలోని మంచి ట్రైల్ రన్నర్లందరూ వచ్చే రేస్ అది, చెక్‌పాయింట్ల నిండా తిండి, దారంతా గుర్తులు, ముందు వరసలో ఉండేవాళ్లు ఒక్క రాత్రితో ముగించేస్తారు. అక్కడ గుండె, రక్తం మళ్లీ పైచేయి. స్పైన్ రేస్‌లో కూడా పోటీ పెరిగాక 2024లో ఒక మగ రన్నర్ 73 గంటల లోపు వచ్చాడు.

అంతమాత్రాన 2019లో ఆమె గెలుపు చిన్నదైపోదు. ఆ రోజు ఆ లైన్ మీద నిలబడ్డ ప్రతి ఒక్కరినీ ఓడించింది, రికార్డు పన్నెండు గంటలు జరిపింది. ఎవరైనా "మంచి మగవాళ్లు రాలేదు కాబట్టి" అంటే నాకు ఒళ్లు మండుతుంది, మగవాడు గెలిచినప్పుడు రానివాళ్ల పేర్లు ఎవరూ లెక్కపెట్టరు. 2024లో అమెరికాలో అడవి కొండల్లో జరిగే, చాలా తక్కువమంది మాత్రమే పూర్తిచేసే బార్క్‌లీ మారథాన్స్‌ని 60 గంటల గడువులో 99 సెకన్లు ఉండగా పూర్తి చేసిన మొదటి ఆడమనిషి కూడా ఆమే. ఆ ఏడాది ఆమెకంటే ముందు నలుగురు మగవాళ్లు ముగించారు. నాకైతే ఆ ఐదో స్థానం కూడా మిగతా గెలుపులంత గొప్పదే.


బ్రెవే_గుంటూరు:

సైక్లింగ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు సంగతులు. 2019 ట్రాన్స్‌కాంటినెంటల్ రేస్, బల్గేరియాలో బుర్గాస్ నుంచి ఫ్రాన్స్‌లో బ్రెస్ట్ దాకా సుమారు 4,000 కిలోమీటర్లు, ఎవరి సాయం లేకుండా. ఫియోనా కోల్‌బింగర్ అనే జర్మన్ అమ్మాయి 10 రోజుల 2 గంటల 48 నిమిషాల్లో మొత్తంగా గెలిచింది, క్యాన్సర్ పరిశోధనలో పనిచేసేది. పైన డల్లాస్ గారు చెప్పిన కారణాలే: నిద్ర, కడుపు, రూట్ ప్లానింగ్.

రెండోది ఇంకా గట్టిది, ఎందుకంటే ఇందులో నిద్ర గొడవే లేదు. 1967లో ఇంగ్లండ్‌లో బెరిల్ బర్టన్ 12 గంటల టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరూ విడివిడిగా బయల్దేరి తొక్కే పోటీ) 277.25 మైళ్లు తొక్కింది. అదే రోజు మగవాళ్లలో మైక్ మెక్‌నమారా 276.52 మైళ్లతో మగవాళ్ల కొత్త రికార్డు పెట్టాడు, ఆమె వెనక నుంచి వచ్చి అతన్ని దాటింది, దాటుతూ ఒక మిఠాయి బిళ్ల చేతికిచ్చింది కూడా. మగవాళ్లు ఆమె దూరాన్ని దాటడానికి 1969 దాకా పట్టింది, ఆడవాళ్లకి 2017 దాకా. పొలం పనులు చేస్తూ ట్రైనింగ్ చేసిన మనిషి ఆమె. ఒక్క మనిషి సగటు గీతలన్నీ దాటేయగలదని దీన్నిబట్టి తెలుస్తుంది. సగటు చూసి "నీ వల్ల ఇంతే అవుతుంది" అని ఎవరికీ చెప్పకూడదు.

మా బ్రెవేల్లో (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) కటాఫ్ ఆడామగా అందరికీ ఒకటే, 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 600కి 40 గంటలు. ర్యాంకులు ఉండవు. మా దగ్గర ఆడవాళ్లు వెనకబడేది టైమ్ వల్ల కాదు, రాత్రి హైవే మీద బాత్‌రూమ్ దొరక్క నీళ్లు తాగడం మానేయడం వల్ల. నిర్వాహకులు కంట్రోల్ పాయింట్లు పెట్టేటప్పుడు పెట్రోల్ బంకులో తాళం వెయ్యని బాత్‌రూమ్ ఉందో లేదో చూస్తే సగం సమస్య తీరిపోతుంది.


కీసర_రన్నర్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. గ్రూపులో ఈ థ్రెడ్ లింక్ పెట్టేశాను.

ఫిజియో గారూ, నా ప్లాన్ సంగతి ఇంకొంచెం చెప్పండి. చివరి పది కిలోమీటర్లు నేను పెద్దగా పడిపోను, మీరన్నట్టే. కానీ ఈమధ్య ఈజీ రన్‌లోనే హార్ట్ రేట్ పైకి పోతోంది, మెట్లెక్కితే ఆయాసం. ఎండల వల్ల అనుకున్నాను. పీరియడ్స్ కూడా ఎక్కువగా అవుతున్నాయి. 12 గంటల రన్ రోజు డేట్ పడితే ఏం చేయాలన్న టెన్షన్ వేరే ఉంది.


ఫిజియో_హన్మకొండ:

మీరు చివర్లో రాసినదే ముందు చూడాలి, ప్లాన్ తర్వాత. పీరియడ్స్ ఎక్కువగా అవుతూ, ఈజీ రన్‌లో హార్ట్ రేట్ పెరుగుతూ, మెట్ల మీద ఆయాసం ఉంటే ఎండ మీద నెట్టేయకండి. సీబీపీ అనే మామూలు రక్తపరీక్షతో పాటు ఫెరిటిన్ టెస్ట్ కూడా చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 పైన ఉన్నా ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు, ఐరన్ నిల్వ తెలిసేది దాంట్లోనే. ఆడవాళ్లకీ మగవాళ్లకీ పుట్టుకతో ఉన్న తేడా గురించి పైన ఇంత రాసుకున్నాం, మనదేశంలో దాని మీద ఇంకో తేడా కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత, మగవాళ్లలో 25 శాతం మందికి. ఇది ప్రకృతి ఇచ్చిన పది శాతం లాంటిది కాదు, తిండితో, మందుతో సరిచేయగలిగేది. నా దగ్గరికి "స్పీడ్ రావడం లేదు" అని వచ్చే ఆడ రన్నర్లకి నేను మొదట రాసేది ఈ టెస్టే. పీరియడ్స్ ఎక్కువవుతున్న సంగతి గైనకాలజిస్ట్‌కి చెప్పండి, రేస్ అయ్యేదాకా వాయిదా వేయకండి.

డేట్ గురించి: పీరియడ్ రోజున అందరికీ పరుగు దెబ్బతింటుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు, ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. మీ లాంగ్ రన్‌ల పక్కనే డేట్లు రాసుకుంటూ పోతే మీకే తెలుస్తుంది. డేట్‌కి ముందు వారంలో ఒంటి వేడి కాస్త ఎక్కువ ఉంటుంది, ఆ వారం రేస్ పడితే చల్లటి నీళ్లు, ఐస్ ఎక్కువ పెట్టుకోండి.

ప్లాన్‌లో నేను మార్చేది పెద్దగా లేదు, కోచ్ గారి పద్ధతి తప్పు కాదు. మొదటి మూడు గంటలు మాట్లాడుతూ పరిగెత్తగలిగే పేస్ దాటకండి, పక్కన ఎవరు దాటిపోయినా సరే. నడక విరామాలు అలిసాక కాదు, మొదటి గంట నుంచే పెట్టుకోండి. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ మగవాళ్లకి చెప్పేదే మీకూ వర్తిస్తుంది, ఒళ్లు కొవ్వుని బాగా వాడుకుంటుంది కదా అని తినడం తగ్గించొద్దు. ఒక్కచోట మాత్రం మగవాళ్ల ప్లాన్ మీకు ప్రమాదం: నీళ్లు. చిన్న శరీరం, నిదానమైన పేస్, గంటల తరబడి రేస్, ఈ మూడూ కలిస్తే అవసరానికి మించి నీళ్లు తాగి సోడియం పడిపోయే అవకాశం ఎక్కువ. "గంటకి ఇన్ని మిల్లీలీటర్లు" అని ఎవరో ఇచ్చిన అంకె పట్టుకోకండి, దాహాన్నిబట్టి తాగండి. ఒక లాంగ్ రన్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. బరువు పెరిగిందంటే ఎక్కువ తాగుతున్నట్టే.

రిపోర్ట్ వచ్చాక ఇక్కడ పెట్టండి. ఐరన్ మాత్రలు మాత్రం రిపోర్ట్ చూసి డాక్టర్ చెప్పేదాకా మొదలుపెట్టొద్దు.